కొసరు వేసిన గడువు

ఈ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లలు నన్ను అడుగుతాంటారు, "మేడం, ఇన్నేండ్ల సర్వీసులో మీరు నేర్చుకున్నదేంది?" అని. వాళ్ళకు కావాల్సింది రెండు ముక్కల మంత్రం. నా దగ్గర మంత్రం లేదు. నా దగ్గర ఉండేది ఒక లారీ, ఒక పెండ్లి, ఎవరిదో తెలియని ఒక మేక. వినే ఓపికుంటే కూచోండి. లేదంటే పోయి పని చూసుకోండి, నాకేం కోపం లేదు.

నా పేరు ప్రమీల. బళ్ళారిలో కంప్యూటరు కోచింగు సెంటర్లో పాఠాలు చెప్పి చెప్పి గొంతు పోయినాక, పంపాపతన్న ఆఫీసులో టెస్టింగు పనికి చేరినాను. టెస్టింగంటే ఏందని మా అత్త అడిగింది. "వేరేవాళ్ళు చేసిన వంట రుచి చూసి ఉప్పు తక్కువైందని చెప్పే పని" అన్నాను. "దానికి జీతమిస్తారా? నేను ఈ ఇంటికొచ్చినప్పట్నుంచి ఊరికే చేస్తాండానే!" అన్నది ఆయమ్మ.

యా ఏడు ఏ పదవి ఇచ్చినారో, ఏ శాలువా కప్పినారో ఈడ రాయను. శాలువాలు బీరువాలో ఉండాయి, చిమటలు తింటాండాయి.

మా ఆఫీసు

అది గనుల కాలం. మన్ను తవ్వినోడల్లా సావుకారయిన కాలం. మిరపచేను ఉన్నోడు చేను అమ్మి లారీ కొనె. లారీ ఉన్నోడు ఇంగో నాలుగు కొనె. టీ కొట్టాయప్ప గూడా గ్లాసు కడుగుతా "టిప్పరు బుక్ చేసినానప్పా" అని చెప్తాండె. ఎర్ర దుమ్ము పడని వస్తువు ఊర్లో లేదు. తెల్ల చొక్కా ఏసుకొని ఆఫీసుకు వచ్చినోడు సాయంత్రానికి సన్యాసి మాదిరి ఇంటికి పోతాండె. మా కీబోర్డులు తలకిందులు చేసి తడితే రాలే దుమ్మును గనులోళ్ళకు అమ్ముకోవచ్చునని మాలో మేము నగుకుంటాంటిమి.

పంపాపతన్న గూడా మిరప రైతే. లారీలు కొన్నాడు. లారీలుంటే కాటా కావల్ల. కాటా అంటే రోడ్డు పక్కన నేలలో పరిచిన పెద్ద ఇనుప పలక. లారీ దాని మీదికెక్కి నిలబడితే ఖనిజం ఎంత బరువుందో తెలుస్తాది. ఆ బరువు మనిషి రాస్తే మోసం ఖాయం. పలక కింద జాకీ పెట్టేవాడు ఉండె, అంచు మీద కాలు తొక్కిపెట్టేవాడు ఉండె, చీటీలో అంకె దిద్దేవాడు ఉండె. మా జిల్లాలో బుర్రకు కరువు ఎప్పుడూ రాలేదు. అందుకే మనిషి చెయ్యి తగలకుండా తూకం వేసి చీటీ ఇచ్చే సాఫ్టువేర్ చేస్తే గనులోళ్ళు ఎగబడి కొంటారని అన్నకు తట్టింది. ఒక టైర్ల షాపు పైన రెండు గదులు తీసుకున్నాడు. కింద గాలి కొట్టేటప్పుడు టైరు పేలిందంటే పైన మేమందరం బల్లల కింద దూరేది.

ప్రోగ్రాము రాసేది సత్యనారాయణ. తెక్కలకోట పక్కన కాలువ కింద ఉండే కాంపు మనిషి. వాళ్ళ తాతలు కోస్తా నుంచి వరి పండించుకునేదానికి వచ్చి ఈడే ఉండిపోయినారు. ఈడే పుట్టి ఈడే పెరిగినా నోట్లో నుంచి "అండీ" పోలేదు. బో మంచోడు. ఎంత మంచోడంటే, కీబోర్డు మీద చీమ నడుస్తాంటే అది దిగిపోయేదాకా టైపు చేయడు. ఇది ఎగతాళికి చెప్పేది కాదు, నా కండ్లతో చూసినాను. ఆ మంచితనం మాకు ఎంత పని చేసిందో ముందు ముందు చెప్తాను.

మూడో జవాబు

టెస్టు అంటే ఏందో తెలియనోళ్ళకు రెండు మాటలు. ఒక ప్రోగ్రాము సరిగ్గా నడుస్తాందా లేదా అని మనిషి కూచొని చూడనక్కరలేకుండా, ఇంగో ప్రోగ్రామే వరసబెట్టి పరీక్షలు పెట్టి చూసుకుంటాది. ఒక్కో పరీక్షకు జవాబు పాసో, ఫెయిలో. పుస్తకాల్లో ఇట్లే ఉంటాది. ఆ పుస్తకాలు రాసినోళ్ళు మా ఊరికి రాలేదు. మూడో జవాబు ఒకటుండాది. పాసని చెప్పదు, ఫెయిలని చెప్పదు, ఊరికే నిలబడిపోతాది. దాన్నే హ్యాంగ్ అయిందంటాము. అది నిలబడితే దాని వెనకుండే పరీక్షలన్నీ నిలబడతాయి. సండూరు ఘాటులో ఒక లారీ ఇరుసు విరిగితే హొసపేట దాకా బండ్లు నిలబడ్డట్లే.

నాకు ఈ రోగం చూస్తూనే అర్థమయిపాయ. మా ఊరి డ్రైవర్లందరిదీ ఇదే రోగం. ఫోన్ చేసి "యాడుండావప్పా?" అంటే "వస్తాండా" అంటారు. దావలో ఉన్నా వస్తాండా. ఇంట్లో మంచం మీద పండుకొనున్నా వస్తాండా. బండి కాలువలో దిగబడినా వస్తాండా. పంపాపతన్న జీవితమంతా ఈ ఒక్క మాట మీదే యాపారం చేసినాడు. అందుకే నిలబడిపోయిన టెస్టు తెర మీద "నడుస్తాంది" అని చూపిస్తాంటే ఆయనకు ఏ అనుమానమూ రాలేదు.

"నడుస్తాందంటాంది కదమ్మా. ఫెయిలని అనలేదు కదా?"

"పొద్దున్నుంచి అదే అంటాందన్నా."

"పాపం, పెద్ద పనేమో."

ఈ పాపం, పుణ్యం కాదని నేనొక గడువు పెట్టినాను. ఐదు నిమిషాల్లో ఏ సంగతీ తేల్చని టెస్టును ఆపేసి ఫెయిలని రాసేటట్ల. మరుసటి దినం సగం టెస్టులు ఫెయిల్! చూస్తే, మా పాత కంప్యూటరు దుమ్ము మింగి మింగి నడవలేక నడుస్తాంది. ఒళ్ళు వంచి పని చేసే టెస్టులు గూడా దాని మీద ఐదు నిమిషాల్లో అయిపోయేటివి కావు. "పని చేసేవాణ్ణి కొడతావేందమ్మా?" అన్నాడు అన్న. ఆ మాట నిజమే. అప్పుడు కూచొని, నిజాయితీగా పని చేసే టెస్టుకు అన్నిటికంటే పాత మిషన్ మీద ఎంత సేపు పడుతుందో చూసినాను. దాని మీద కొంచెం ఊపిరాడేటట్ల చూసి పది నిమిషాలు పెట్టినాను. పది నిమిషాలు సరైన గడువు. ఇప్పటికీ అదే అంటాను.

కానీ సరైన గడువును మా ఆఫీసు బతకనిస్తే కదా!

కొసరు

మా తట్టు కొలత అంటే కొలత కాదు. కొలిచినాక పైన వేసే పిడికెడే అసలు కొలత. బుడ్డలు, అదే శనక్కాయలు, అమ్మే ఆమె శేరు నిండా కొలిచి పోసి, పైన గుప్పెడు కొసరు వేయకపోతే ఇంగ జన్మలో ఆమె గంప కాడికి పోరు. "ఏందమ్మా, నీ సొమ్మేం పాయ?" అని పోట్లాడతారు. పూలమ్మే ఆయప్ప మూర కొలిచి, మల్లా ఏలెడు వదుల్తాడు. పెండ్లిలో చాలు చాలంటే "చాలన్నాక ఒకటి" అని ఆకులో ఇంగో బూరె ఏస్తారు. కొసరు లేకుండా ఇచ్చేది ఇయ్యడం కాదు, ముష్టి.

నా పది నిమిషాలు టైపు చేసేదానికి సత్యనారాయణ చేతికి పోయినాయి. "మరీ బొటాబొటీగా ఉందండీ," అని ఇంగో ఐదు కలిపినాడు. అన్న చూసినాడు. "పదహైదా? పిసినారి లెక్క మాదిరుండాది, అరగంట చెయ్యి" అన్నాడు. కొనేదానికి వచ్చిన గని మేనేజరు ఆ గడువు రాసిన కాగితం చూసి గంట చేసినాడు. "వాళ్ళే గంట ఇస్తాంటే మనం తక్కువైపోతామా?" అని అన్న రెండు చేసినాడు. అది మల్లా సత్యనారాయణ కాడికి వచ్చేటప్పటికి ఆయన గుండె కరిగి ఇంగో అరగంట పడింది. మేము గడువు పెట్టింది టెస్టుకా, గర్భిణీ స్త్రీకా అని నాకు అనుమానమొచ్చె.

ఇంగో టైము లెక్క గూడా ఉండె ఆ ప్రోగ్రాములో. లారీ పలకెక్కినాక బరువు కదలకుండా నిలబడల్ల. నిలబడితేనే చీటీ. ఆ నిలకడకు పది సెకన్లు సాలు. దానికీ అందరూ తలా పిడికెడు కొసరు వేసి ఐదు నిమిషాలు చేసినారు.

అదీ సాలక, సత్యనారాయణకు ఒక దినం జాలి పొంగుకొచ్చింది. "మేడం గారూ, బరువు కదులుతుందంటే టెస్టు బతికున్నట్టే కదండీ. బతికున్నదాన్ని ఆపేస్తే పాపమండీ." అందుకని బరువు కదిలినప్పుడల్లా గడువు మల్లా మొదటి నుంచి మొదలయ్యేటట్ల రాసినాడు.

"సత్యం, కదిలేదంతా పని కాదప్పా. మా మామ కుర్చీలో కూచొని కాలు ఊపుతానే ఉంటాడు. ఆ ఊపుడుకు ఇంట్లో ఒక్క పనైనా అయిందా?"

అన్న సత్యనారాయణ తట్టు మొగ్గినాడు. ఇద్దరొక తట్టు, నేనొక తట్టు. లెక్కలు ఓట్లతో తేల్చే ఆఫీసు మాది.

సండూరు దావలో కాటా

సండూరు దావలో ఒక పెద్ద గని వాళ్ళు కొత్త కాటా కట్టినారు. మా సాఫ్టువేర్ కొనల్లా వద్దా అని తేల్చేదానికి వాళ్ళ మేనేజరు కూచున్నాడు, ఆ గంట కొసరు వేసినాయప్పే. ధారవాడ తట్టు మనిషి, కన్నడం తప్ప మాట్లాడడు, మొగంలో నగు తప్ప అన్నీ ఉండాయి. ఆయప్ప షరతు ఒక్కటే. లారీ పలక ఎక్కింది మొదలు చీటీ వచ్చేదాకా మిషన్‌కు ఎవరూ చెయ్యి పెట్టగూడదు. "కై హచ్చబేడ్రి!" అని ఏలు చూపించి చెప్పినాడు. పెడితే టెస్టు ఫెయిల్, మరుసటి దినం బెంగళూరు వాళ్ళను పిలుస్తాడు. ఈ కాటా పోతే ఆఫీసు మూసేస్తానని అన్న మాకు ముందే చెప్పి ఉండె. మేము ఏడుగురం.

పలకకు ముందొకటి, వెనకొకటి అడ్డగేట్లు. లారీ ఎక్కుతూనే రెండూ దిగుతాయి. చీటీ వస్తూనే ముందరిది మెల్లగా లేస్తాది. కాటా పక్కన మేము కూచునే గదిలో కిటికీ పక్కన గోడకు ఒక తీగ ఉండె. అది పీకితే టెస్టు ఆగిపోయి రెండు గేట్లూ ఒక్కసారే దబేల్‌మని లేస్తాయి. ఆపదకు ఉండల్లని నేనే పోట్లాడి పెట్టించినాను. పీకితే మాత్రం చెయ్యి పెట్టినట్లే.

లారీ తోలింది ఖాజా. అన్న మొదటి లారీ నుంచీ ఉండే డ్రైవరు. ఆ దినం వాని కూతురి పెండ్లి. మద్యాన్నం నమాజు అయినాక బళ్ళారి కౌల్‌బజారులో ఇంటికాడ నికా. మగపెండ్లోళ్ళు సండూరు నుంచి వస్తారు. "వాళ్ళు వచ్చేటప్పటికి నా వాకిట్లో నేను నిలబడి సలాం చెప్పల్ల మేడం. అది లేకుంటే నేనేం తండ్రిని?" అని వారం నుంచి అందరికీ చెప్పుకుంటాండె. మరి ఆ పొద్దు లారీ ఎందుకెక్కినాడంటే, బిర్యానీ వండే పెద్ద గుండిగలు సండూరులో వాని బామ్మర్ది కాడ ఉండె. వాటిని క్యాబిన్‌లో పెట్టుకొని, ఖాళీగా ఎందుకని వెనక ఖనిజం ఏసుకొని వస్తాండె. ఇంటికాడ బియ్యం నానబోసుకొని గుండిగల కోసం కాచుకోనుండారు.

"దావలోనే కదప్పా మన కాటా. ఒక్క తూకం వేసి పో," అన్నాడు అన్న. ఖాజా కాదనలేదు.

లారీ ఎక్కింది. గేట్లు దిగినాయి. ఇంజిను ఆపినాడు. తెర మీద "నడుస్తాంది" అని వచ్చింది. గాలి లేదు, బరువు కదల్లేదు. నిలకడ ఇంగ కొంచెంలో పూర్తవుతాదనంగా అన్నకు మనసాగలేదు. "కూతురి పెండ్లి పెట్టుకొని నా పనికొచ్చినాడు, ఒక టీ గూడా ఇయ్యకుంటే ఎట్ల?" అని గ్లాసు పట్టుకొని పోయి పలకెక్కినాడు. అన్న దొడ్డ మనిషి. తెర మీద బరువు ఎగిరె. నిలకడ మల్లా మొదలు. గడువు మల్లా మొదలు.

"అన్నా, దిగు!" అని కిటికీలో నుంచి అరిచినాను.

"ఉండమ్మా, గ్లాసు తీసుకోనొస్తా," అని ఖాజా ఊదుకుంటా ఊదుకుంటా తాగేదాకా ఆడే నిలబడినాడు.

ఆయన దిగినాక ఒక మేక ఎక్కింది. ఎవరిదో ఏమో. దాన్ని తోలేదానికి వాచ్‌మన్ ఎక్కినాడు. మేక లారీ చుట్టూ తిరిగింది గానీ పలక దిగలేదు. వాచ్‌మన్‌ను దిగమని చెప్పేదానికి సత్యనారాయణ ఎక్కినాడు. సత్యనారాయణను దిగమని చెప్పేదానికి అన్న మల్లా ఎక్కినాడు. "ఎవరూ ఎక్కద్దండి!" అని అందరూ పలక మీద నిలబడి అరుస్తాండారు.

సత్యనారాయణ లోపలికి రాంగానే పట్టుకున్నాను. "చూడప్పా. ఇదంతా కదలికే కదా? నీ లెక్కలో మన టెస్టు బో ఆరోగ్యంగా ఉండాది కదా?"

"మరేనండి," అని తల దించుకున్నాడు పాపం.

అంతలోకి వెనక లారీలు నిలబడె. ఒకటెనక ఒకటి, హారన్ల మీద హారన్లు. డ్రైవర్లు దిగి కొట్లాటకొచ్చినారు. కొట్లాడేదానికి పలకెక్కినారు. ఖాజా కూతురి పెండ్లని తెలుస్తూనే కొట్లాట మరిచి, క్యాబిన్ మెట్టెక్కి ఒక్కొక్కడే వాని చెయ్యి పట్టుకొని ముబారక్ చెప్పినారు. మంచి మనుషులు. ఒక్కో మంచి మాటకు ఒక్కోసారి గడువు మొదలవుతాండె.

ఖాజా మొదట్లో నగుతాండె. రానురాను నగు పోయింది. "మేడం, ఇంగెంత సేపు?" అని కిటికీ తట్టు చూసి అడిగినాడు. నాకు తెలిస్తే కదా చెప్పేది! నేను నోరు తెరిచేలోపల అన్న చెప్పేసినాడు, "అయిపోతాందప్పా, అయిపోతాంది." ఇన్నేండ్లు డ్రైవర్లు మాకు చెప్పిన "వస్తాండా" ఉందే, దాన్నే ఇప్పుడు మేము డ్రైవరుకు చెప్తాండాము.

"అన్నా, నేను దిగి ఏదో ఒక స్కూటరు పట్టుకొని పోతా," అన్నాడు ఖాజా.

"గుండిగలెట్లప్పా? అంతంత గుండిగలు స్కూటరు మీద పోతాయా? ఇంత సేపు ఉంటివి, ఇంగొక్క రవ్వ."

ఖాజా మల్లా సీట్లో కూలబడినాడు. ఇంటి నుంచి ఫోను మీద ఫోను. ఎత్తేది, "ఆతా హూఁ" అనేది, అంటే అదే "వస్తాండా", పెట్టేసేది.

అంతలో లారీల వరస వెనక ఒక టెంపో వచ్చి నిలబడింది. ముందర పూలు కట్టినారు. మగపెండ్లోళ్ళు! ముందర ఏమైందో చూసేదానికి పెండ్లికొడుకు తాత దిగి నడుచుకుంటా వచ్చినాడు. రొమ్ము దాకా తెల్ల గడ్డం, ఇస్త్రీ షేర్వానీ, వెనక పది పన్నెండు మంది చుట్టాలు. ఖాజా చూసినాడు. వాని మీద లుంగీ, చిరిగిన బనీను, జుట్టు నిండా ఎర్ర దుమ్ము. స్టీరింగు వెనక తల దాచుకున్నాడు. "అరే అల్లా, ఈ మొగంతోనా వాళ్ళు నన్ను చూసేది?" అన్నాడు. బనీను అంచుతో కండ్లు తుడుచుకున్నాడు. ఆ మాట విన్నాక ఇంగ నాకు ఆఫీసు గుర్తుకు రాలేదు, జీతం గుర్తుకు రాలేదు. పోయి తీగ పట్టుకున్నాను.

మేకను సంకలో ఇరికించుకొని పలక మీద నిలబడిన అన్న నన్ను చూసినాడు. "ప్రమీలమ్మా, వద్దు! ఏడు మంది అన్నం అది!"

"అన్నం రేపు ఎతుక్కుందాం అన్నా. వాని కూతురి పెండ్లి రేపు రాదు."

తాత అప్పటికే పలకెక్కినాడు. చుట్టాలూ ఎక్కినారు. ఆయనకు టెస్టు తెలియదు, గడువు తెలియదు. కనిపించింది ఒకటే, వియ్యంకుడు కండ్ల నీళ్ళు పెట్టుకున్నాడు, జనం అరుచుకుంటాండారు. "పెండ్లి పూట ఈ కొట్లాటేంది? అందరూ గమ్మునుండండి. ముందు దువా చేస్తాము," అని చేతులెత్తినాడు. చుట్టాలెత్తినారు. ఖాజా సీట్లోనే ఎత్తినాడు. లారీ డ్రైవర్లు, వాచ్‌మన్, అందరూ యాడోళ్ళు ఆడ నిలబడిపోయినారు. అన్న ఒక చేత్తో మేకను పట్టుకొని ఇంగో చెయ్యి ఎత్తినాడు. మేక గూడా అరవలేదు. గదిలో మేనేజరు బూట్లిప్పి నిలబడినాడు.

తాత సరిగ్గా ముందరి గేటును ఆనుకొనే ఉండాడు. ఇప్పుడు పీకితే గేటు దబేల్‌మని లేచి యా తలకాయకు తగుల్తాదో. తీగ పట్టుకొని నేనూ అట్లే నిలబడినాను.

తాత పెండ్లికూతురి కోసం అడిగినాడు, పెండ్లికొడుకు కోసం అడిగినాడు. ఇద్దరు అత్తల నోర్లు మంచిగుండల్లని అడిగినాడు. వానల కోసం, దావల కోసం, లారీల బ్రేకుల కోసం అడిగినాడు. ఇంగ ముగిసిందనుకుంటే హగరి ఏట్లో నీళ్ళ కోసం మొదలుపెట్టినాడు. ఆయనా మా తట్టు మనిషే, కొసరు లేకుండా దువా ముగిస్తాడా?

ఎవరూ కదలక ఐదు నిమిషాల నిలకడ నిండింది. కర్ర్‌ర్‌మని చప్పుడాయ. చీటీ వచ్చింది. గేటు మెల్లగా లేచింది. "ఆమీన్" అన్నారందరూ.

మేనేజరు చీటీ చింపి చూసినాడు. ఖనిజం, లారీ, గుండిగలు, మగపెండ్లోళ్ళు, పంపాపతన్న, మేక, అంతా కలిపిన బరువు దాంట్లో చక్కగా పడింది. ఆయప్ప పలక తట్టు చూసినాడు. ఒక్కని చెయ్యి గూడా కింద లేదు, అన్నీ ఆకాశానికే ఉండాయి. "యారూ కై హచ్చిల్ల," ఎవరూ చెయ్యి పెట్టలేదని మెచ్చుకొని సంతకం పెట్టినాడు. టెస్టు పాస్. నేను తీగ వదిలేసి చేతులు కొంగుకు తుడుచుకున్నాను.

ఖాజా తాతను క్యాబిన్‌లో ఎక్కించుకొని పోయినాడు, వెనక టెంపో. తరువాత మాకు నగుతా చెప్పినాడు. మగపెండ్లోళ్ళతోనే వచ్చి వాకిట్లో దిగితే వాని భార్య గుండిగలందుకుంటా అడిగిందంట, "ఏమయ్యా, నువ్వు పెండ్లికూతురి నాయనవా, మగపెండ్లోళ్ళ డ్రైవరువా?" అని. నగుతానే చెప్పినాడు గానీ, వాకిట్లో నిలబడి సలాం చెప్పే భాగ్యం వానికి దక్కలేదు. నేను కిటికీలో నిలబడి ఊరికే చూసినానని అనుకున్నాడేమో. అడిగేదానికి నాకు నోరు రాలేదు.

ఇంగ మీరు వినాల్సింది

ఆ టెస్టు పాసయింది. నా సర్వీసులో నేను చూసిన పెద్ద తప్పు అదే. మేకతో సహా తూకం వేసి పాసనే టెస్టును ఏమనల్ల? పాసయిందని మిఠాయి పంచేముందు అది ఏం తూచిందో చూడండి.

పంపాపతన్న మాత్రం వేరే పాఠం నేర్చుకున్నాడు. "చూసినావా, కొసరు వేసినందుకే కాటా మనదాయ!" అన్నాడు. సానా నెలలు మా కాటాల కాడ లారీ ఎక్కుతూనే అందరూ చేతులెత్తి నిలబడల్లని పద్ధతి పెట్టినాడు. చేతులెత్తే సౌకర్యం మాకూ కావల్లని ఇంగో గని వాళ్ళు ఫోన్ చేసినారు.

ఆ పెండ్లైనాక వచ్చిన సోమవారం పొద్దున నేను సత్యనారాయణను కూచోబెట్టి అంతా మార్పించినాను. నిలకడ పది సెకన్లు. గడువు మొదలయ్యేది టెస్టు మొదలైనప్పుడు, ఒక్కసారే. మధ్యలో టీ వచ్చినా, మేక వచ్చినా, తాత వచ్చినా అది మల్లా మొదలు కాదు. ఆ లెక్క చూసేది టెస్టు కాదు, బయట ఇంగో ప్రోగ్రాము. నిద్రపోయేవాణ్ణే నన్ను లేపప్పా అని చెప్తే ఎవడు లేపుతాడు? ఆపినాక గేట్లెత్తి, లోపల ఇరుక్కున్నోణ్ణి బయటికి పంపించేది గూడా దాని పనే. ఆపేసి చేతులు దులుపుకునేది గడువు కాదు.

"ఎంత పెట్టినావమ్మా?" అన్నాడు అన్న.

"పది నిమిషాలు."

"కొసరు?"

"లేదన్నా."

"రవ్వంత?"

"రవ్వంత గూడా లేదు. పలక మీద ఉండేది మనిషి."

అన్న తల గోక్కొని పోయినాడు. ఆయన చెడ్డోడు కాదు. ఎవరికీ తక్కువ ఇయ్యగూడదనుకునే మనిషి. కొలిచి ఇచ్చేది గూడా మర్యాదేనని ఆయనకు తట్టలేదు. పిల్లలూ, గడువు పెట్టేది టెస్టు మీద కోపంతో కాదు. దాని వెనక కాచుకున్నోళ్ళ మీద దయతో. ఎంత సేపో తెలియనప్పుడు "అయిపోతాంది" అనద్దండి. తెలియదని చెప్పండి, గేటు ఎత్తండి.

వీడ్కోలు సభ

నేను రిటైరైన దినం ఆఫీసులో చిన్న సభ పెట్టినారు. పొద్దున పదకొండుకు. మా అత్త ఇంట్లో ఓళిగలు, అదే బొబ్బట్లు, చేయించి, నేను వస్తేగానీ తిననని కూచోనుండె. అందుకని మనిషికి పది నిమిషాలని ముందే గట్టిగా చెప్పినాను. సత్యనారాయణ మూడు మాటల్లో ఏడ్చేసి దిగినాడు. పంపాపతన్న మైకు పట్టుకున్నాడు. మిరపచేను నుంచి మొదలుపెట్టినాడు. లారీలు వచ్చె. గనులు వచ్చె, గనులు పోయె. నేను ఇంగ ఆఫీసులో చేరలేదు. మధ్యలో తలుపు కాడికి ఎవరొచ్చినా ఆపి సలాం చెప్పి, మల్లా మిరపచేను నుంచి ఎత్తుకుంటాండాడు. జనం కుర్చీల్లో జారిపోతాండారు. పెద్దాయన, ఎవరు ఆపుతారు?

ఖాజా ముందు వరసలో ఉండె. లారీ దిగి ఇప్పుడు మా కాటానే చూసుకుంటాండాడు. పక్కన కూతురూ, అల్లుడూ. గడియారం చూసుకొని లేచినాడు. గోడ కాడికి పోయి మైకు తీగ పీకినాడు.

"ఖాజా, ఇంగొక్క రవ్వ!" అన్నాడు అన్న ఒట్టి గొంతుతో.

"నక్కో అన్నా, వద్దు. మేడం పెట్టిన గడువు పది నిమిషాలు. అయిపాయ. ఆమెకు ఇంట్లో అన్నం కాచుకోనుండాది."

అందరూ నగినారు. ఖాజా నగలేదు. తీగ చేత్తోనే పట్టుకొని నా కాడికి వచ్చినాడు, మెల్లగా అన్నాడు, "ఆ దినం కిటికీలో నీ చేతిలో తీగ నేను బండిలో నుంచి చూస్తి మేడం. పీకేదానివే. తాత అడ్డమొచ్చె."

ఇన్నేండ్లు వానికి తెలుసునంట! నాకు ఏడుపొచ్చేసింది. అంతమందిలో కొంగు అడ్డం పెట్టుకొని ఏడిచినాను. ఖాజా పోయి నా చెప్పులు తెచ్చి ముందర పెట్టినాడు. "పో మేడం, దావ ఖాళీగా ఉండాది," అన్నాడు.